స్వరపేటిక నాడి గారికి ఒక బొంగురు లేఖ

మహారాజశ్రీ ఎడమ స్వరపేటిక నాడి గారి సముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉంది. కానీ నా వైపు కుశలం లేదు. తమ వైపు సంగతి స్కానులో తేలాలి. కాబట్టి నేరుగా విషయానికి వస్తాను, తమకు ఆ అలవాటు లేకపోయినా.

మూడు వారాలుగా నా గొంతు పాత తలుపులా కిర్రుమంటోంది. డాక్టరు గారు ముక్కులోంచి సన్నని గొట్టం దింపి తెర మీద చూపించారు. కుడి స్వరతంత్రి చక్కగా తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. ఎడమది మాత్రం సభలో కునుకు తీస్తున్న అధ్యక్షుడిలా కదలక మెదలక ఉంది. గొంతుకు మందు రాస్తారనుకుంటే ఛాతీకి స్కాను రాశారు. ఎవరి చీటీయో పొరపాటున నా చేతిలో పెట్టారనుకున్నాను. అప్పుడు చెప్పారాయన, ఆ ఎడమ స్వరతంత్రిని కదిలించే తమ ప్రయాణం సంగతి.

మెదడు అడుగు నుంచి తమరు వేగస్ నాడిలో కలిసి బయలుదేరుతారట. (ఆ పేరులో మనకు వేగం వినిపిస్తుంది గానీ, లాటిన్‌లో ఆ మాటకు దేశదిమ్మరి అని అర్థం. పేరు పెట్టినవారు తమ వాలకం చూసే పెట్టారు.) మెడలో దిగుతూ స్వరపేటిక పక్క నుంచే వెళతారు. దిగవలసిన చోటు అదే. దిగరు. తమ అక్కగారు, పై స్వరపేటిక నాడి, అక్కడే విడిపోయి బుద్ధిగా ఇంటికి చేరుకుంటారు. తమరు మాత్రం ఛాతీలోకి వెళ్ళి, గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని, అంటే బృహద్ధమని, వంపు కింద నుంచి చుట్టు తిరిగి, వాయునాళానికీ ఆహారవాహికకూ మధ్య ఉన్న గాడిలో పైకి పాకి, ఇందాక దాటి వచ్చిన స్వరపేటికనే మళ్ళీ పట్టుకుంటారు. ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించేవాణ్ణి చూసి ఇన్నాళ్ళూ నవ్వాను. వాడు నయం, ఛాతీ దాకా పోలేదు.

నా ఒంట్లో వృథా అయింది కొన్ని అంగుళాలే, ఓర్చుకుంటాను. జిరాఫీ ఏం పాపం చేసింది? దాని స్వరపేటిక తలకు కిందనే ఉంది. తమరు మాత్రం ఆ మెడంతా దిగి, ఆ మెడంతా ఎక్కి, 4 మీటర్లకు పైగా నడిచి అక్కడికి చేరతారు. ఇంతా చేసి ఆ జంతువు నోరు విప్పేది అరుదు.

తమరిని చూసినవారు లేక కాదు. రెండో శతాబ్దంలోనే రోములో గేలెన్ అనే వైద్యుడు, గీపెడుతున్న పందిలో తమరిని తెంపి, దాని అరుపు చటుక్కున ఆగిపోవడం నలుగురికీ చూపించాడు. తమరు ఎటు వెళతారో, ఏం చేస్తారో అప్పటికే తెలుసు. ఎందుకు అలా వెళతారన్న దానికి సరైన జవాబు కోసం మాత్రం లోకం ఇంకా 1,700 ఏళ్ళు ఆగాల్సి వచ్చింది.

జవాబు మన దూరపు పూర్వీకుడైన చేపలో ఉంది. చేపకు మెడ లేదు. గుండె, మొప్పలు, మెదడు ఇరుగుపొరుగు. వేగస్ నుంచి ఒక్కో మొప్పకు ఒక్కో కొమ్మ, అక్కడి ధమని వెనక నుంచి, తిన్నగా వెళుతుంది. ఆ రోజుల్లో తమరు ఎంత క్రమశిక్షణ గలవారు! తరువాతి తరాల్లో మెడ సాగింది, గుండె ఛాతీలోకి జారింది, దానితో పాటు ఆ ధమనీ జారింది. ధమని వెనక చిక్కుకున్న తమరు కొక్కేనికి తగిలిన దారంలా దాని వెంట సాగారు. ఒక్కో తరానికి వెంట్రుకవాసి సాగడానికి పెద్ద ఖర్చేమీ లేదు. తెంచి, ధమనికి ఇవతలి నుంచి అతికిద్దామంటే మాత్రం మధ్యలో ఒక తరం మూగదై ఊరుకోవాలి. తరతరాలుగా పనికొచ్చే చిన్న చిన్న మార్పులనే మిగిల్చే ప్రకృతివరణానికి ఇల్లు కూల్చి కట్టే వీలు లేదు. ఉన్న ఇంట్లో కాపురం ఉంటూనే గోడలు జరుపుకోవాలి.

ఇదంతా ఎప్పుడో జరిగిన కథ అని తప్పించుకోకండి. నాలుగో వారంలో నా పిండానికీ మెడ దగ్గర చాపాలు, అంటే చేప మొప్పల చోట ఉండేలాంటి వంపులు, మొలిచాయి, గుండె అక్కడే రూపు దిద్దుకుని తరువాత కిందికి దిగింది. తమరు చుట్టుకున్న ఆరో చాపం ఎడమ వైపున ఒక నాళంగా మిగిలి, పుట్టేదాకా ఊపిరితిత్తుల వైపు వెళ్ళే నా రక్తంలో చాలా భాగాన్ని బృహద్ధమనిలోకి మళ్ళించింది. పుట్టాక అది మూతపడి బిరుసైన తాడులా మారింది. తమరు ఈ రోజుకీ ఆ ఎండిన తాడు పక్కనే వంగి వెళుతున్నారు. నీళ్ళు పోయినా గట్టు వెంట నడవడం మానని మనిషిలా.

దారిలో ఆహారవాహికకూ వాయునాళానికీ కొమ్మలు ఇచ్చి వస్తున్నానని తమ తరఫువారు వాదిస్తారు. ఛాతీలో వాటికి కొమ్మలు ఇవ్వడానికి వేగస్ గారే ఉన్నారు. గొంతుకు వెళ్ళవలసినవారు అంత దూరం రావడానికి అదొక సాకు.

పోనీ, వేరే దారి లేదంటారా? కుడి వైపు తమ తోబుట్టువును అడగండి. ఆయన చుట్టేది భుజం వైపు వెళ్ళే ధమనిని. నూటికి ఒక్కరిలో కూడా కాదు గానీ, కొందరిలో ఆ ధమని ఉండవలసిన చోట ఉండదు, వేరే చోటు నుంచి మొలుస్తుంది. కొక్కెం లేదు కనుక వారిలో ఆ నాడి వేగస్ నుంచి విడిపోయి, పక్కనున్న స్వరపేటికలోకి హాయిగా నేరుగా నడిచి వెళ్ళిపోతుంది. వారు మామూలుగానే మాట్లాడతారు. పాపం, థైరాయిడ్ ఆపరేషన్ చేసే సర్జన్లకే చెమటలు. నాడి వంకరగా ఉంటుందని నమ్మి వెతికేవారికి అది తిన్నగా అడ్డం వస్తే ప్రమాదం. తిన్నగా వెళ్ళడమే అపాయకరమైన తేడాగా లెక్కకొచ్చే వంశం తమది.

నిజం చెప్పాలంటే, మొదట జీవపరిణామానికి సాక్ష్యం అంటే నాకు గుర్తొచ్చేది పాఠ్యపుస్తకంలోని ఆ బొమ్మే. మనిషి చెయ్యి, గబ్బిలం రెక్క, తిమింగలం తెడ్డు, వరుసగా. నిర్మాణసామ్యం అని కింద పేరు. అందంగానే ఉంటుంది. అయితే అందమైన పోలికను ఎవరైనా తమ లెక్కలో వేసుకోవచ్చు, ఒకే శిల్పి చేయి అని చెప్పుకోవచ్చు. తమరి వంకర దారిని మాత్రం ఎవరూ తన ఖాతాలో రాసుకోరు. ఇది గీసింది నేనే అని ముందుకొచ్చే శిల్పి ఇంతవరకు దొరకలేదు.

స్కాను శుభ్రంగానే వచ్చింది. గడ్డలు లేవు, దారిలో ఎవరూ తమరిని నొక్కడం లేదు. ఏదో వైరస్ తగిలి ఉంటుందని, కొన్ని నెలల్లో తమంతట తామే తేరుకోవచ్చని అన్నారు. అందాకా సైగలతో కాపురం చేస్తాను. జవాబు రాయదలిస్తే సెలవివ్వండి, కాకపోతే ఛాతీ మీదుగా మాత్రం పంపకండి.

ఇట్లు,
తమ తిరుగు ప్రయాణం చివర ఎదురుచూస్తున్న
ఒక మూగ గొంతు