12,000 వాట్ల వారి సముఖానికి

స్పీకర్ల అట్టపెట్టెల మీద శక్తి పేరిట అచ్చయ్యే మహారాజరాజశ్రీ పి.ఎం.పి.ఓ. వాట్ల వారి దివ్యసముఖానికి, విజయనగరంలో బి.ఎస్‌సి. భౌతికశాస్త్రం చదువుకుంటున్న ఒక విద్యార్థి నమస్కరించి వ్రాసుకునే విన్నపం.

నేనిక్కడ క్షేమం. తమరి క్షేమం గురించి వేరే అడగవలసిన పని లేదు. మూడు లాంతర్ల వైపు ఒక దుకాణంలో, దసరా ఆఫర్ల తోరణాల కింద పేర్చిన అట్టపెట్టెల మీద తమరు ఎంత దేదీప్యమానంగా వెలిగిపోతున్నారో నిన్న మధ్యాహ్నమే కళ్ళారా చూసి వచ్చాను. చిన్న పెట్టె మీద 4,000 వాట్లు, దాని పక్కదాని మీద 8,000 వాట్లు, నా జేబులోని 4,000 రూపాయలకు వచ్చే పెట్టె మీద ఏకంగా 12,000 వాట్లు. ఆ అంకె చుట్టూ మంటలు కూడా అచ్చు వేశారు. తయారు చేసిన కంపెనీ పేరు ఎక్కడుందో వెతుక్కోవాలి గాని తమరు మాత్రం రోడ్డు అవతలి నుంచే కనిపిస్తారు.

నేను వెళ్ళింది రెండు స్పీకర్ల కోసం. రాత్రి పూట గదిలో కాస్త వయొలిన్, కాస్త పాత పాటలు వినాలన్న కోరికతో మెస్ బిల్లు పోగా మిగుల్చుకున్న డబ్బు అది. ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి, అంతకు మించిన ఆశ లేదు. వినిపించమని అడిగితే దుకాణదారు తన ఫోనులోని డీజే పాట పెట్టి, పెట్టె గడగడ వణుకుతుంటే దాని మీద చెయ్యి వేసి చూడమన్నాడు. స్పీకరును చేత్తో వినే విద్య నాకింకా పట్టుబడలేదు కనుక, నా ఫోనులోని వయొలిన్ కచేరీ పెట్టమని బతిమాలాను. "అలాటి పాటలకి ఇంత పెద్దది ఎందుకు బాబూ" అన్నాడు. పోనీ దీని ఆర్.ఎం.ఎస్., అంటే నిలకడగా ఇవ్వగలిగే అసలు శక్తి, ఎంతండీ అన్నాను. "ఆరెమ్మెస్ ఏటి బాబూ! పన్నెండు వేల వాట్లు. వీధి వీధంతా అదిరిపోద్ది" అన్నాడు. ఆయనను నేను తప్పు పట్టను. ఆయన చదివింది తమరినే.

పెట్టె ఆరు ముఖాలూ తిప్పి చూశాను. ఆర్.ఎం.ఎస్. అన్న మాట ఎక్కడా లేదు. చివరకు అడుగున, ప్లాస్టిక్ సంచిలో ముడుచుకుని పడుకున్న అడాప్టర్ దొరికింది. ప్రభుత్వ ప్రమాణాల సంస్థ బి.ఐ.ఎస్. వారి రిజిస్ట్రేషన్ గుర్తు పక్కన, భూతద్దం కావలసినంత చిన్న అక్షరాలలో, అది తన సంగతి తాను నిజాయతీగా చెప్పుకుంది: ఔట్‌పుట్ 12 వోల్టులు, 2 ఆంపియర్లు. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. 24 వాట్లు. మొత్తం ఆ పెట్టెకు అన్నం పెట్టేది ఈ 24 వాట్లే అయితే, తమరు దానికి సరిగ్గా ఐదు వందల రెట్లు. లోపలికి 24 తీసుకుని బయటకు 12,000 ఇచ్చే యంత్రాన్ని కనిపెట్టిన మహానుభావులు, దానిని మా ఊళ్ళో దసరా తగ్గింపు మీద అమ్ముకోవడం నాకు చాలా బాధ కలిగించింది. శక్తిని కొత్తగా పుట్టించలేమనే శక్తి నిత్యత్వ నియమం మీద వచ్చే నెల నాకు పరీక్ష ఉంది. ఏ జవాబు వ్రాయమంటారో తమరే సెలవియ్యాలి.

ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. మా జిల్లా రైతులు బోర్లకు బిగించుకునే ఐదు హార్స్‌పవర్ మోటార్లు మూడు కలిపినా 12,000 వాట్లు కావు. కరెంటు కోసం పొలం గట్ల మీద కాచుకోవడం మాని, గజపతినగరం వైపు రైతులందరూ తలొక పెట్టె కొనుక్కుపోతే మడి తడుస్తుంది, పాటా వినిపిస్తుంది. తమరు నిజంగా ఆ అంకెకు తగ్గట్టు పని చేయాలంటే 230 వోల్టుల లైను నుంచి 52 ఆంపియర్లు లాగాలి. నా గదిలో ఉన్నది 6 ఆంపియర్ల సాకెట్. లోపలి స్పీకరు విద్యుత్ నిరోధం నాలుగు ఓములు అనుకుంటే, దానిలో 12,000 వాట్లు పుట్టడానికి సుమారు 219 వోల్టులు అందించాలి. అంటే దాని రెండు తీగలనూ తిన్నగా గోడలో ఉన్న ప్లగ్గులో దూర్చాలన్న మాట. ఊరేగింపులకు వచ్చే డీజే లారీకి నిజంగానే వేల వాట్లు ఉంటాయి. అందుకే దాని మీద డీజిల్ జనరేటరు కూడా ఉంటుంది. తమరి వెనక ఉన్నది అరచేతిలో ఇమిడే అడాప్టర్.

ఏకపక్షంగా తీర్పు చెప్పకూడదని తమరి తరఫున కూడా లెక్క వేశాను. పి.ఎం.పి.ఓ. అంటే పీక్ మ్యూజిక్ పవర్ ఔట్‌పుట్ అనీ, నిలకడగా ఇచ్చే శక్తి కాక ఒక్క క్షణం ఎగసిపడే శక్తి అనీ తమరి భక్తులు చెబుతారు. సరే. లోపల విద్యుత్తును కాస్త దాచిపెట్టుకునే 2,200 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఒకటి ఉందనుకుందాం. 12 వోల్టుల దగ్గర అది దాచుకోగలిగిన శక్తి సుమారు 0.16 జౌళ్ళు. ఆ కాస్తనూ ఎక్కడా నష్టం లేకుండా ఒక్కసారిగా కుమ్మరించగలిగితే 12,000 వాట్లు వచ్చే మాట వాస్తవమే, 13 మైక్రోసెకన్ల పాటు. మనిషి చెవికి అందే ధ్వనుల్లో పైకొస అయిన 20,000 హెర్ట్‌జ్‌లో ఒక్క కంపనం పూర్తి కావడానికే 50 మైక్రోసెకన్లు పడుతుంది. అతి సన్నని కీచుధ్వనిలోని ఒకే ఒక కంపనంలో పావు వంతు గడిచేసరికి తమరి వైభవమంతా పుట్టి, వెలిగి, గతించిపోతుంది. అక్కడ సంగీతం ఏ సమయంలో వినాలి?

పైగా తమరిని కొలవడానికి అందరూ ఒప్పుకున్న పద్ధతి అంటూ ఏదీ లేదు. ఎవరి ఇష్టం వచ్చిన సంఖ్యతో వారు గుణించుకుంటారు, మిగిలింది అచ్చు యంత్రం చూసుకుంటుంది. ఇళ్ళలో వాడే ఆంప్లిఫయర్లకు నిలకడగా ఇవ్వగలిగిన శక్తినే ప్రకటించాలని అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే నియమం పెట్టింది. అర్ధ శతాబ్దం దాటింది, మా ఊరి అట్టపెట్టెల మీద తమరు ఇంకా సింహాసనం దిగలేదు.

తమరి పరివారాన్ని కూడా ఒకసారి తలచుకోకపోతే మర్యాద కాదు. ఎన్నడూ ఎవరూ చెల్లించని 14,999 రూపాయల ధర, దాని మీద ఎర్ర గీత ఒకరు. పాట ఏదైనా తమ తాళం తమదే అన్నట్టు మినుకుమినుకుమనే నీలం దీపాలు మరొకరు. ఇల్లుగల వారు నిద్రపోయిన తరువాత బ్లూటూత్ కలిపితే, మేడ మీద నుంచి కింది వాటా దాకా వినిపించేలా "కనెక్టెడ్" అని అరిచే ఆ అమ్మగారు ఒకరు. ధ్వని పుట్టించే గుండ్రని కోన్లు మూడు కనిపిస్తున్నా కదిలేది ఒక్కటే, తక్కిన రెండూ ఉత్త ప్లాస్టిక్ అలంకారాలైన పొడుగు టవర్లు మరొకరు. "ప్యాకింగ్ బాగుంది, డెలివరీ అబ్బాయి మంచివాడు" అని వ్రాసి స్పీకరుకు అయిదు నక్షత్రాలు ఇచ్చే రసజ్ఞుల ఊసు నేనెత్తను.

జానెడు దూరంలో రెండు కోన్లను ఒకే డబ్బాలో బిగించి "స్టీరియో" అని వ్రాసుకునే వారికి మాత్రం ఒక మాట చెప్పాలి. స్టీరియోకు ఆద్యుడైన ఇంగ్లీషు ఇంజనీరు ఆలన్ బ్లూమ్‌లీన్ 1931లో పేటెంటుకు దరఖాస్తు చేసుకున్నది వినే మనిషికి ఎదురుగా, రెండు వైపులా ఎడంగా నిలిచే ధ్వని కోసం. వయొలిన్ ఒక వైపు, మృదంగం ఒక వైపు, గొంతు నడుమ కూర్చున్నట్టు వినిపించాలంటే రెండు పెట్టెల మధ్య నాలుగడుగులైనా ఖాళీ జాగా ఉండాలి. ఆ ఖాళీ జాగాకు కంపెనీవారు ధర కట్టలేరు కనుక అమ్మకానికి పెట్టలేదు కాబోలు.

ఇక టేబుల్ కింద ఒక లావుపాటి డబ్బా, పైన రెండు బుల్లి డబ్బాలు ఉండే 2.1 వ్యవస్థ ఉన్నది. పైన ఉన్న రెండంగుళాల కోన్లు మంద్రంలోకి దిగలేవు కనుక ఆ భాగమంతా కిందివాడి మీద పడుతుంది. మగ గొంతు మూలధ్వని సుమారు 85 నుంచి 180 హెర్ట్‌జ్ మధ్య పలుకుతుంది కనుక, గాయకుడు కూడా రెండు ముక్కలవుతాడు. మా ఊరి సంగీత కళాశాలలో చదువుకున్న ఘంటసాల గారి గొంతు సగం టేబుల్ మీద నుంచీ, తక్కిన సగం నా కాళ్ళ దగ్గర చెప్పుల పక్క నుంచీ రావడం నిన్న విన్నాను. (ఆయన పాటలు చాలా వరకు ఎడమ, కుడి తేడా లేని మోనో రికార్డింగులే. ఉన్న ఒక్క గొంతునూ చీల్చడానికి ఎంత సాంకేతిక ప్రగతి కావలసి వచ్చిందో చూడండి.) 1919లో సంగీతం కోసం కళాశాల వెలసిన ఊరు ఇది. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి ప్రధానాచార్యులు, ద్వారం వెంకటస్వామినాయుడు గారు అక్కడ వయొలిన్ నేర్పారు. అటువంటి ఊళ్ళో వయొలిన్ ఎలా వినిపిస్తుందో చెప్పే పెట్టె ఒక్కటీ దొరకదు గాని వీధి అదరగొట్టేవి ఎన్నయినా దొరుకుతాయి.

ఇంతవరకు తమరు, తమరు అంటూ వ్రాశాను. ఇక నా వల్ల కాదు.

నువ్వు అబద్ధం చెప్పినందుకు కాదు నాకు ఒళ్ళు మండేది. ఆ అబద్ధం నీకు అవసరమే లేదు, అందుకు. మామూలు స్పీకరుకు ఒకే ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో సుమారు 85 డెసిబెల్స్ ధ్వని వస్తుంది. ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటే వచ్చేది 60 చిల్లర. పదడుగుల గదిలో, ముగ్గురం పంచుకునే ఆ గదిలో, మేము హాయిగా పాట వినేటప్పుడు ఖర్చయ్యేది ఒక వాటు కన్నా తక్కువే. తక్కిన వాట్లన్నీ మృదంగం మీద హఠాత్తుగా పడే దెబ్బల కోసం చేతిలో ఉంచుకునే నిల్వ. ఆ నిల్వకు పక్కకు పదేసి వాట్లు ధారాళంగా సరిపోతాయి. 50 వాట్ల నుంచి 100 వాట్లకు పోయినా పెరిగేది 3 డెసిబెల్సే, ఆ తేడా చెవి పెట్టి వింటే గాని తెలియదు. నువ్వు చెప్పిన 12,000 నిజమే అయితే నా ముందు 126 డెసిబెల్స్ మోగాలి, చెవులు నొప్పెట్టే హద్దు అది. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 మించరాదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. నువ్వు నిజమైతే నేరం, అబద్ధమైతే మోసం. ఏ లెక్కన నిన్ను కొనమంటావు?

నీ అంకె పెట్టె మీద చోటంతా ఆక్రమించుకోవడం వల్ల, నాకు కావలసిన ముక్క ఒక్కటీ అక్కడ మిగల్లేదు. ఒక్కో పక్కకు ఎన్ని వాట్లు, ఎన్ని ఓముల మీద, ఎంత వక్రీకరణతో? ధ్వని ఎంత కిందికి దిగుతుంది, దిగేటప్పుడు ఎన్ని డెసిబెల్స్ తగ్గిపోతుంది? కోను ఎన్ని అంగుళాలు, డబ్బా చెక్కదా ప్లాస్టిక్‌దా? నెలంతా టీలు మానుకుని డబ్బు కూడబెట్టిన కుర్రవాడు అడిగేవి ఇవి. వీటిలో ఒక్కదానికి జవాబు చెప్పినా, గోడ మూలకు అంటించకుండా ఎంత ముందుకు జరపాలో, చెవుల ఎత్తుకు ఎన్ని పుస్తకాలు పేర్చాలో మిగతాది మేమే చూసుకుంటాం.

నిన్న అదే దుకాణంలో, అన్నిటికన్నా కింది అరలో, నిజం వ్రాసుకున్న జత ఒకటి కూడా కనిపించింది. రెండు విడి చెక్క పెట్టెలు, నాలుగంగుళాల కోను, పైన సన్నని ధ్వనుల కోసం చిన్న ట్వీటర్, ఒక్కో పక్కకు 15 వాట్లు ఆర్.ఎం.ఎస్. అట్ట మీద మంటలు లేవు, దుమ్ము ఉంది. "అది ముప్పై వాట్లే బాబూ, దండగ. ఎవులూ కొనరు" అని దుకాణదారు నన్ను దాని నుంచి ప్రేమగా పక్కకు లాగాడు. ఎవరూ కొనరు కనుక ఒక్క జతే తెప్పించాడట, ఒక్క జతే కనుక తగ్గింపు లేదట. ధర నా 4,000 రూపాయలకు అందదు. నిజం చెప్పినవాడు అట్టడుగు అరలో ఖరీదై కూర్చున్నాడంటే, వాడిని అక్కడికి తోసింది నువ్వే.

అయినా నీ మీద నాకు పగ లేదు. నీ మంటల వెనక ఉన్న ఆంప్లిఫయర్ పాపం మంచిదే కావచ్చు, అడాప్టర్ ఇచ్చే 24 వాట్లలో నష్టాలు పోగా పక్కకు పది వాట్లయినా నిలకడగా ఇవ్వగలదేమో, నాకు అంతే చాలు. కనుక చివరిగా ఒక ఒప్పందం. దసరా ఆఫర్లు ఇంకా ఉన్నాయి, డబ్బు ఇంకా నా జేబులోనే ఉంది. నీ అంకెలో కుడి వైపున ఉన్న మూడు సున్నాలనూ కంపెనీ గుమ్మంలోనే వదిలిపెట్టి, ఉత్త 12గా, ఎడమకు ఒకటి కుడికి ఒకటి రెండు పెట్టెలుగా విడిపోయి రా. బేరం కూడా ఆడకుండా కొనుక్కుంటాను.

ఇట్లు,
4,000 రూపాయల ఆర్.ఎం.ఎస్. స్తోమత గల ఒక విద్యార్థి,
విజయనగరం