సవరణ: గోడకుర్చీ కూడా శిక్షే

ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లల అల్లరి గురించి మొన్న రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి. ఒకటి చిన్నది, ఇంకోటి పెద్దది.

పెద్దది ముందు. ‘చట్టం కొట్టొద్దంది గానీ గోడకుర్చీ వేయించొద్దని అనలేదుగా’ అని రాశాను. అది తప్పు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షతోపాటు మానసిక వేధింపునూ నిషేధించింది. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ మార్గదర్శకాలు ఇంకా వివరంగా చెప్పాయి: గోడకుర్చీ, బెంచీ ఎక్కించడం, మోకాళ్ల మీద నిలబెట్టడం, తల మీద పుస్తకాల సంచి పెట్టడం, అన్నీ శారీరక శిక్షలే. పేర్లు పెట్టి పిలవడం, ఇంటి పరిస్థితి ఎత్తి పొడవడం మానసిక వేధింపు. బెత్తం మానేశామని తృప్తిపడే మాలాంటివాళ్లం జారిపోయేది ఇక్కడే. ‘మొద్దు’ అన్న మాట నా నోటా వచ్చింది, దాచుకోను.

ఇక చిన్నది. బడిలో కొడితే బాల న్యాయ చట్టం, 2015లోని 82వ సెక్షన్ వర్తిస్తుందన్నాను. అది బాలల సంరక్షణ సంస్థల్లో పనిచేసేవారికి సంబంధించింది. పిల్లల బాధ్యత చేతిలో ఉండి క్రూరంగా ప్రవర్తించేవారికి వర్తించేది 75వ సెక్షన్. దాని కింద 3 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

కుదురుగా కూర్చోని పిల్లవాణ్ని ముందు ‘పొద్దున ఏం తిన్నావురా?’ అని అడగమన్న సలహా మాత్రం అలాగే ఉంచుతున్నాను.