గొడ్డలిని ఏనాడూ అడగని డిప్లొమా గారికి

మహారాజశ్రీ ఫారెస్ట్రీ డిప్లొమా గారి సముఖానికి,

నమస్కారాలు. మీరు క్షేమంగానే ఉంటారు. ఉండకేం? ఎండలో బిందె మోసే పని లేదు, మేకల్ని అదిలించే పని లేదు. అందుకే కుశల ప్రశ్నలు మానేసి నేరుగా విషయానికి వస్తున్నాను.

1970ల చివర్లో కెన్యా పల్లెల్లో ఆడవాళ్లు చెట్లు పెంచుతామని బయల్దేరినప్పుడు, అక్కడి అటవీ ఉద్యోగులు మీ పేరు చెప్పే అడ్డం పడ్డారు. చెట్లు నాటాలంటే డిప్లొమా ఉండాలట. అక్షరం ముక్క రాని ఆడవాళ్లంతా నాటేస్తే వృత్తి పరువు ఏం కావాలని వాళ్ల బాధ. ఆ బాధ నాకూ అర్థమవుతుంది. హాస్టల్ మెస్సులో నీళ్ల పప్పు తాగి సంపాదించుకున్న కాగితం కదా! ఎవరో చంటిపిల్లని వీపుకి కట్టుకుని వచ్చి గుంట తవ్వేస్తే ఒళ్లు మండదూ?

నా సందేహం ఒక్కటే. అదే కెన్యా కొండల మీద అడవుల్ని నరికినప్పుడు తమరు ఎక్కడున్నారు? తెల్లదొరలు వచ్చి అడవి కొట్టేసి టీ, కాఫీ తోటలు వేశారు. మిగిలిన చోట త్వరగా ఎదుగుతాయని పైన్, యూకలిప్టస్ దింపారు. 1963లో స్వాతంత్ర్యం వచ్చాక సొంత దొరలూ అదే దారి పట్టారు. అన్నేళ్లలో గొడ్డలి పట్టుకున్న ఒక్కణ్ణయినా ఆపి "ఏదీ, నీ డిప్లొమా చూపించు" అన్నారా? నరికేవాడికి చేతిలో బలం చాలు, నాటేదానికి మాత్రం అర్హతా పత్రం కావాలి!

కెన్యాలోనే న్యేరి ప్రాంతంలో ఇహితే అని ఒక ఊరు. అక్కడ ఒక పెద్ద ముగుమో చెట్టు ఉండేది. మన మర్రి, రావి వంశమే. అది దేవుడి చెట్టు, దాని పుల్ల కూడా పొయ్యిలో పెట్టకూడదని అక్కడి కికుయు తెగ తల్లులు పిల్లలకి చెప్పేవారు. చెట్టు దగ్గరే ఊట, ఊటలో కప్ప గుడ్లు. అవి పూసలనుకుని, మెళ్లో వేసుకుందామని చేత్తో ఎత్తితే విడిపోయి జారిపోయేవని ఆ ఊరి ఆడపిల్ల, ఇందాక చెప్పిన ఆడవాళ్ల చెట్ల పనికి ముందు నడిచిన వంగారి మాథాయ్ పెద్దయ్యాక కూడా ముచ్చటగా చెప్పుకునేవారు. ఆవిడ అమెరికాలో చదువుకుని తిరిగొచ్చాక చూస్తే చెట్టు లేదు. స్థలం తినేస్తోందని కొట్టేసి టీ మొక్కలు పెట్టారు. ఊట ఎండిపోయింది. ఆ వేళ్లకీ ఆ నీటికీ ఉన్న చుట్టరికం గురించి తల్లులకి ఏ కాలేజీ పాఠం చెప్పలేదు. వాళ్లు దేవుడన్నారు, ఊట బతికింది. చెట్టు కొట్టినవాడు కొలత వేసుకున్నాడు, ఊట చచ్చింది.

ఆడవాళ్ల చెట్ల పని మొదలైంది అడవిలో కూడా కాదు స్వామీ, వంటింట్లో. 1970ల నడిమిలో కెన్యా మహిళల జాతీయ మండలి సమావేశాల్లో పల్లెటూరి ఆడవాళ్లు చెప్పుకున్న కష్టాలు ఏమిటంటారు? కట్టెలు లేవు, మంచినీళ్లు లేవు, పిల్లలకి సరైన తిండి లేదు. మూడూ ఒకే కష్టం. చిక్కుళ్లూ మొక్కజొన్న గింజలూ మెత్తగా ఉడకాలంటే పొయ్యి కింద మంట చాలాసేపు ఉండాలి. కట్టెల కోసం దూరం నడిచి, మోపు నెత్తిన పెట్టుకుని వచ్చి, ఆ మోపు ఎన్నాళ్లొస్తుందో లెక్క వేసుకునే మనిషి చిక్కుళ్లు ఎందుకు పొయ్యెక్కిస్తుంది? టీ కాచి రొట్టె ముక్క చేతిలో పెడుతుంది. పిండి ఉడకేసి దించేస్తుంది. పిల్లవాడి కడుపు నిండినట్టే ఉంటుంది, ఒంటికి మాత్రం పట్టదు. డాక్టరు వచ్చి "తల్లికి అవగాహన లేదు" అని రాసుకుపోతాడు. తల్లికి లేనిది అవగాహన కాదు, కట్టె పుల్ల.

ఇవన్నీ విన్న వంగారి మాథాయ్ దగ్గర కాగితాలకి కొదవేం లేదు. 1971లో డాక్టరేటు తీసుకున్నారు. తూర్పు, మధ్య ఆఫ్రికాల్లో ఆ పట్టా అందుకున్న మొదటి స్త్రీ ఆవిడే. పాపం, అది పశువుల శరీర నిర్మాణంలో. తమరి శాఖ కాదు. అంటే మీ లెక్కలో ఆవిడకీ చెట్టు నాటే యోగ్యత లేనట్టే.

1977 జూన్ 5న, ప్రపంచ పర్యావరణ దినం నాడు, నైరోబీ కముకుంజి పార్కులో ఏడు మొక్కలతో మొదలుపెట్టారు. గ్రీన్ బెల్ట్ ఉద్యమం అదే. దేశంలో మనిషికొకటి చొప్పున కోటిన్నర చెట్లు నాటుతామని ఆవిడ అంటే అటవీ శాఖ పెద్దాయన పకపకా నవ్వి, "ఎన్ని మొక్కలు కావాలంటే అన్ని పట్టుకెళ్లండి, ఉచితం" అన్నాడు. ఏడాది తిరక్కుండానే నవ్వు ఆగిపోయింది. మరీ ఎక్కువ పట్టుకుపోతున్నారు, ఇక డబ్బు కట్టండన్నాడు. ఆడవాళ్లు అడిగినదాన్ని జోకనుకుని వరమిచ్చేవాళ్లకి ఇదే తంటా.

సరే, నారు మనమే పోసుకుందామని మీ వాళ్లనే పాఠం చెప్పమన్నారు. పాఠం ఎలా సాగిందో తెలుసా? నేల వాలు ఎంత, సూర్యకిరణాలు ఎటు నుంచి పడాలి, నారుమడి లోతెంత, మట్టిలో గులకరాళ్ల పాళ్లెంత, దానికి వాడాల్సిన పనిముట్లేమిటి. జొన్నా చిక్కుడూ మొక్కజొన్నా విత్తి ఊరిని మేపుతున్న ఆడవాళ్లు నోరెళ్లబెట్టి విన్నారు. విత్తనం వెయ్యడం ఇంత గండమని వాళ్లకి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు మరి!

ఆ పాఠం పక్కన పెట్టి ఆడవాళ్ల తెలివితో కానిద్దామన్నారు వంగారి. ఇక చూడండి. చుట్టుపక్కల చెట్ల కిందే గింజలు ఏరారు. పగిలిన కుండలు, పాత డబ్బాలు తెచ్చి మట్టి నింపారు. కుండకి అడుగున చిల్లుంటే మరీ మంచిది, నీరు నిలవదు. కోళ్లు కెలక్కుండా, మేకలు కొరక్కుండా వాటిని ఎత్తు మీద పెట్టారు. గింజ పగిలి మొలక తలెత్తితే పక్కింటామెకి చూపించారు, ఆమె వాళ్ల పక్కూరికి మోసుకుపోయింది. తమకు తాము పెట్టుకున్న పేరు: డిప్లొమా లేని ఫారెస్టర్లు. మీ పేరు వాళ్ల బిరుదులో కలిసిపోయింది, సంతోషించండి.

డబ్బు లెక్క మీకు అసలు నచ్చదు. నాటినందుకు పైసా లేదు. కొన్ని నెలల తర్వాత వచ్చి చూసి, బతికి ఉన్న మొక్కకే డబ్బు. మొదట్లో మొక్కకి నాలుగు అమెరికన్ సెంట్లు. (ఈ పద్ధతి గురించి మా వైపు ఎక్కడా అనకండి. ఏటా తొలకరికి పాత గుంటలోనే కొత్త మొక్క పెట్టి ఫొటో దిగే పెద్దలకి లేనిపోని టెన్షన్.) నాలుగు సెంట్లు ఏ మూలకి, ఇదీ చవక కూలే కదా అని ఎవరైనా అంటే నేను కాదనను. కానీ ఆ సొమ్ము ఆమె చేతిలో పడింది. కాఫీ తోటలో చాకిరీ ఆమెది, కాఫీ డబ్బు వచ్చి పడేది మగడి బ్యాంకు ఖాతాలో. మొక్క పెట్టిన నేల కూడా ఆమెది కాదు. మగడిది, అతని తర్వాత కొడుకులది. 2010 రాజ్యాంగం భూమి విషయంలో ఆడామగా తేడా చూపొద్దని రాసింది. కాగితం మీద రాసిందానికీ ఊళ్లో జరిగేదానికీ ఎంత దూరమో కాగితమైన మీకు నేను చెప్పాలా!

చెట్లతో పోతే బావుండేది. తమరి అన్నదమ్ములు ఒక్కొక్కరే దిగారు. తొమ్మిది మందికి మించి కూడాలంటే లైసెన్సు కావాలన్నాడు ఒకడు. అది బ్రిటిష్ వాళ్లు వదిలివెళ్లిన చట్టం. దొరలు పోయినా వాళ్ల భయం మాత్రం ఉద్యోగంలో కొనసాగింది. 1989లో నైరోబీ ఉహురు పార్కులో 60 అంతస్తుల భవనం కడతామంటే వంగారి వద్దన్నారు. ఈసారి అడిగింది డిప్లొమా కాదు, పెళ్లి సర్టిఫికెట్. పార్లమెంటులో సభ్యులు పనిగట్టుకుని చర్చ పెట్టి, వీళ్లంతా మొగుళ్లని వదిలేసిన ఆడవాళ్ల గుంపని తేల్చారు. అధ్యక్షుడు డేనియల్ అరాప్ మోయ్ అయితే, ఆఫ్రికా సంప్రదాయం ప్రకారం ఆడది మగవాళ్లని గౌరవించి నోరు మూసుకోవాలని సెలవిచ్చాడు. ఆకాశహర్మ్యానికి సంప్రదాయం అడ్డు రాలేదు, ఆడదాని నోటికే వచ్చింది! చివరికి ఆ భవనం లేవలేదు, పార్కు మిగిలింది.

1999లో నైరోబీలోని కరూరా అడవిని బిల్డర్లకి పంచుతుంటే మొక్క పట్టుకుని వెళ్లిన ఆవిడ తల పగలగొట్టారు. పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు కాగితం మీద ఆ రక్తంతోనే సంతకం పెట్టారు. కాగితాలంటే మీకు ప్రీతి కదా, అదొకటి దాచుకోవాల్సింది.

మీకు మన దేశంలోనూ ఒక అవమానం జరుగుతోంది. రాజస్థాన్‌లో అజ్మీర్ దగ్గర తిలోనియా అని ఒక పల్లె. 1972లో మొదలైన బేర్‌ఫుట్ కాలేజీ అక్కడుంది. ఆఫ్రికా దేశాల పల్లెల నుంచి బడి మొహం చూడని అమ్మమ్మలు, నానమ్మలు భారత ప్రభుత్వ ఖర్చుతో అక్కడికి వచ్చి ఆరు నెలలు ఉంటారు. వాళ్లకి హిందీ రాదు, నేర్పేవాళ్లకి వాళ్ల భాషలు రావు. సైగలతో, రంగుల గుర్తులతో సోలార్ దీపాల సర్క్యూట్లు బిగించడం నేర్చుకుని, ఇంటికెళ్లి ఊళ్లో దీపాలు వెలిగిస్తారు. అమ్మమ్మలే ఎందుకంటే, కుర్రవాళ్లకి నేర్పితే సర్టిఫికెట్ అడుగుతారు, అది చేతికి రాగానే పట్నం బస్సెక్కుతారు అని ఆ కాలేజీ పెట్టిన బంకర్ రాయ్ జవాబు. అందుకే అక్కడ ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వరు. విన్నారా, ఇవ్వరు!

చదువు వద్దని నేను అనడం లేదు. ఏ చెట్టు నీళ్లు తాగేస్తుందో, ఏది నేలని పట్టి ఉంచుతుందో శాస్త్రం తెలిసినవాళ్లు చెప్పాల్సిందే. వంగారి కూడా ప్రొఫెసరే. నా తగాదా చదువుతో కాదు, వాకిట్లో కాపలా కూర్చున్న మీతో.

పైగా ఈ మధ్య మీరు వేషం మార్చారని విన్నాను. పల్లె ఆడవాళ్ల సంఘం విరాళం కోసం తలుపు తడితే, దరఖాస్తు ఇంగ్లీషులోనో ఫ్రెంచిలోనో ఉండాలి, రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆడిట్ అయిన లెక్కలుండాలి, అయిదేళ్లలో ఏం మారుతుందో గళ్లలో నింపాలి అంటున్నారట. పగిలిన కుండలకి ఆ ఫారంలో ఏ గడి ఉందో కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి. 2004లో నోబెల్ శాంతి బహుమతి వచ్చాక మీ కులస్థులంతా గౌరవ డాక్టరేట్లు పట్టుకుని వంగారి ఇంటి ముందు వరస కట్టారు. మొదట్లోనే ఇన్ని కాగితాలు దొరికి ఉంటే నారు పొట్లాలు కట్టుకునేవాళ్లు.

ఇట్లు,
ఏ డిప్లొమా లేకుండా ఇంటి వెనక కరివేపాకు పెంచుతున్న ఒక అపరాధి.

తా.క.: 2011లో వంగారి మాథాయ్ పోయినప్పుడు, ముందే ఆవిడ చెప్పి ఉంచినట్టు, శవపేటికకి చెక్క వాడలేదు. గుర్రపుడెక్క, వెదురు, పాపిరస్ రెల్లుతో అల్లారు. ఇంతకీ తమర్ని బిగించి గోడకి తగిలించిన ఫ్రేము ఏ చెట్టుది? దాన్ని కొట్టినవాడికి డిప్లొమా ఉందో లేదో కనుక్కుని తిరుగు టపాలో రాయగలరు.