బొగొటా కాఫీ కార్డు గారికి, ఉభయకుశలోపరి

మహారాజశ్రీ కాఫీ కార్డు గారికి నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం వేరే అడగనక్కర్లేదు. మండుటెండా ఉక్కపోతా లేని బొగొటాలో, దళసరి కాగితం మీద, వేడి కప్పు పక్కన కొలువుదీరిన మీకేం లోటు? కప్పు ఖాళీ అయ్యాక కూడా మిమ్మల్ని ఎవరూ పారేయరు. ఫొటో తీసుకుని, పర్సులో దాచుకుని మరీ వెళ్తారు. తాగిన కాఫీకి ఆ మర్యాద లేదు.

మిమ్మల్ని ఎరగనివాళ్ల కోసం రెండు ముక్కలు. కొలంబియా రాజధానిలో చాపినేరో, ఉసాకెన్ వీధుల్లో ఏ స్పెషాలిటీ కాఫీ షాపులో కూర్చున్నా కప్పు ఒంటరిగా రాదు. వెంట మీరూ వస్తారు. విజిటింగ్ కార్డంత ఉంటారు. తోట పేరు, రైతు పేరు, ఊరి పేరు, ఆ తోట సముద్రమట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తున ఉంది, చెట్టు ఏ రకం, పండు కోశాక గింజను ఎలా కడిగారు, ఎన్ని గంటలు పులియబెట్టారు, అన్నీ మీ ఒంటి మీద ఉంటాయి. అన్నిటికీ అడుగున, కాస్త సోకైన అక్షరాల్లో, రుచి వివరం: మల్లె, కమలాపండు, ఎర్రపళ్లు, బెల్లం.

ఫిర్యాదంతా ఆ ఆఖరి వరస గురించే. పై వరసల్లో కూడా మీరు మరీ సత్యహరిశ్చంద్రులేం కాదనుకోండి. హుయిలా ప్రాంతం నుంచి వచ్చే 'పింక్ బోర్బన్' రకాన్ని ఎంత గర్వంగా అచ్చేసుకుంటారో చూశాను. జన్యుపరీక్ష చేయిస్తే దానికి బోర్బన్ అనే పాత కాఫీ వంశంతో చుట్టరికమే లేదని, మూలాలు ఇథియోపియా వైపు ఉన్నాయని తేలింది. అయినా మీరు పేరు మార్చలేదు. పోనీలెండి, ఒకసారి ఆధార్‌లో పడ్డ పేరు మార్చుకోవడం ఎంత కష్టమో మాకూ తెలుసు.

మీ రాకకు ముందు జరిగే తతంగం మాత్రం నాకు ఇష్టమే. కౌంటర్ వెనక ఏప్రన్ కట్టుకున్న కుర్రాడు త్రాసు మీద గాజుపాత్ర, దాని మీద గరాటు, అందులో కాగితం పెడతాడు. ముందు ఉత్త వేడినీళ్లతో ఆ కాగితాన్ని తడిపి, ఆ నీళ్లు పారబోస్తాడు. తర్వాత 15 గ్రాముల పొడి వేసి, వేలితో గరాటు అంచు మీద రెండు సార్లు తట్టి చదును చేస్తాడు. కొంగమెడ లాంటి ముక్కున్న కెటిల్ అందుకుంటాడు. దాని అంకెల పలక మీద 91 అని ఉంటుంది. అంతకుమించి పెరగదు, పెరగలేదు. 2,640 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు కదా, నీళ్లు 91 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. కొండ ఇచ్చిన అంకెను తానే తూచి పెట్టుకున్నట్టు అతను గంభీరంగా తలాడిస్తాడు. చుక్కచుక్కగా నీళ్లు పోసి ఆగుతాడు. పొడి పొంగి, బుడగలు చిట్లి, మళ్లీ కుంగుతుంది. ఆ అర నిమిషం షాపులో ఎవరూ మాట్లాడరు. తర్వాత సన్నని ధారతో గుండ్రంగా, గుండ్రంగా. పొడి వాసన బల్ల దాకా వస్తుంది. అప్పుడు నాకు కావలసింది ఒక్కటే, ఎవరూ మాట్లాడకుండా ఓ గుక్క తాగనివ్వడం.

అప్పుడే మీరు దిగుతారు. కుర్రాడు మిమ్మల్ని కప్పు ముందు నిలబెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, కమలాపండు తగులుతోందా అని అడుగుతాడు. తగల్లేదని చెప్పే దమ్ము ఎవరికుంది? పక్క బల్ల మీది జంట అప్పటికే కళ్లు మూసుకుని తలలూపుతున్నారు. మనమూ ఊపుతాం. రెండో గుక్కకి నిజంగానే కమలాపండు తగలడం మొదలవుతుంది. మీ అసలు ప్రజ్ఞ అదే. రుచిని కాఫీలో వెతకడం మానేసి, మీలో చదివి నాలుకకు అప్పజెప్పడం మాకు నేర్పారు. చిన్నప్పుడు ఎక్కాలు కూడా ఇంత త్వరగా ఒంటబట్టలేదు.

రాజమండ్రిలో ఉన్న మా పిన్నికి వీడియో కాల్‌లో మిమ్మల్ని చూపించాను. అక్షరం పోకుండా చదివి వినిపించాను కూడా.

"కాఫీలో మల్లెపూలేంట్రా? వడగట్టలేదా వాళ్లు?" అంది.

"పూలు వెయ్యరు పిన్నీ, ఆ వాసన వస్తుందని."

"పాలేవి?"

"పాలు పొయ్యరు."

"పంచదార?"

"వేస్తే వాళ్లకి కోపం."

కాసేపు ఆగి, "తిండి సరిగ్గా తింటున్నావా నాన్నా?" అంది. ఆవిడ లెక్కలో నేను పరాయి దేశంలో చిక్కుల్లో ఉన్నాను.

మీ వయసు చిన్నది కాబట్టి మీ ఇంటి సంగతులు మీకు తెలియవేమో, నేను చెబుతాను. కొలంబియా కాఫీ రైతుల సమాఖ్య 1927లో పుట్టింది. నాణ్యమైన గింజే ఓడెక్కాలని నియమాలు పెట్టారు. ప్రపంచంలో కొలంబియా కాఫీకి పేరు రావడానికి అదో కారణం. ఆ నియమాలకు ఆగని గింజ, అంటే విరిగింది, పురుగు తిన్నది, నల్లబడ్డది, ఎక్కడికి పోవాలి? ఇంట్లోనే ఉండిపోయింది. దాన్ని పసీయా అంటారు. దాని లోపం తెలియకుండా నల్లగా మాడ్చి, తియ్యగా చేసి, దేశమంతా దశాబ్దాల తరబడి అదే తాగింది. అదీ చాలక పెరూ లాంటి దేశాల నుంచి చౌక గింజ దిగుమతి కూడా చేసుకుంటారు. పండించినవాడికి తాలు, పైవాడికి పాలు. ఈ ముక్క మీ మీద ఎక్కడా కనబడదు. కుటుంబ గౌరవం అని ఊరుకున్నారేమో.

ఆ ఇంటి కాఫీ ఇప్పటికీ బతికే ఉంది. టింటో అంటారు. పొద్దున్నే ఫ్లాస్కులు వరసగా పేర్చిన తోపుడుబండి నెట్టుకుంటూ ఒకావిడ వస్తుంది. ఆఫీసుకెళ్లేవాళ్లు, కాపలావాళ్లు, టాక్సీవాళ్లు బస్టాపు దగ్గర ఆవిడ చుట్టూ మూగుతారు. మూత తిప్పి, పిడికెడు కూడా లేని ప్లాస్టిక్ గ్లాసులో పోసి ఇస్తుంది. చాలా ఫ్లాస్కుల్లో అది పానేలాతో, అంటే సాక్షాత్తూ మన బెల్లంతో కాచినదే. కార్డు గారూ, ఇక్కడ కాస్త మీ మొహం చూడాలనిపిస్తుంది. మీరు బెల్లం ఛాయ ఉందని రాసుకుంటారు, ఆవిడ బెల్లం వేస్తుంది. మీ ఒక్క కప్పు డబ్బుతో అక్కడ ఏడెనిమిది టింటోలు వస్తాయి. రుచి గొప్పదని నేను అనను. చేదుగా, మాడు వాసనతో, తియ్యగా ఉంటుంది. అయితే అది తాగాక ఎవరూ మన వైపు ఆశగా చూడరు.

మీ మాటకారితనానికి అసలు గురువెవరో లా కాండెలారియాలో తెలిసింది. అక్కడి పాతపేట వీధుల్లో బొటేరో మ్యూజియం ఉంది. కొలంబియా చిత్రకారుడు ఫెర్నాండో బొటేరో తన బొమ్మలు 123, తాను సేకరించిన ఇతరుల పనులు 85 దేశానికి ఇచ్చేస్తే 2000లో తెరిచారు. టికెట్ లేదు. లోపల మోనాలిసా దగ్గర్నుంచి కమలాపండు దాకా అందరూ బొద్దుగా, ఉబ్బి, ఫ్రేము చాలక ఇరుక్కుని ఉంటారు. నేను లావుపాటివాళ్లను గీయను, ఘనపరిమాణాన్ని గీస్తాను అని ఆయన జీవితాంతం వాదించాడు. మీరూ అంతేగా! పులుపును పులుపనరు, "చురుకైన ఆమ్లత్వం" అంటారు. పులిసిపోయిన వాసన వస్తే "వైన్‌ను తలపించే" అంటారు. కాకపోతే ఆయన ఆ మాట అని ఊరుకోలేదు, గోడ నిండా చేసి చూపించాడు. ఆ కమలాపండును చూసి, ఇందులో కాఫీ తగులుతోందా అని ఎవరూ అడగలేదు కూడా.

అక్కడి నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే బంగారు మ్యూజియం. దేశపు కేంద్ర బ్యాంకు నడుపుతుంది. 1939లో ఒక పోపోరోను కొనడంతో ఆ సేకరణ మొదలైంది. పోపోరో అంటే కోకా ఆకు నమిలేవాళ్లు సున్నం పెట్టుకునే పాత్ర. అద్దం అవతల నున్నగా మెరుస్తున్న దాన్ని చూడగానే మా తాతమ్మ సున్నపుకాయ గుర్తొచ్చింది. ఆకు వేరు, సున్నం అదే, అవసరమూ అదే. పై అంతస్తులో ముయిస్కా ఆదివాసుల తెప్ప ఉంటుంది. 1969లో పాస్కా దగ్గర ఒక గుహలో దొరికింది. జానెడు బంగారు తెప్ప మీద మధ్యలో నాయకుడు, చుట్టూ చిన్న చిన్న మనుషులు. అరచేతిలో పట్టే ఆ వస్తువు కోసం చీకటి గదిలో జనం ఒకరి భుజం మీంచి ఒకరు తొంగి చూస్తారు. కింద పలక మీద రాసిన దాన్ని మీరు ఒకసారి చదవాలి. ఏ లోహం, ఎలా పోత పోశారు, దేనికి వాడారు, అంతే. చూసి ఏమనుకోవాలో రాయలేదు.

మా పొరుగు బల్లవాళ్లు మిమ్మల్ని చదువుతూ కళ్లు మూసుకునే వేళకి, రొసారియో చౌకులో ఇంకో రకం వ్యాపారం నడుస్తూ ఉంటుంది. ఊరి స్థాపకుడిగా చెప్పే స్పెయిన్ దండనాయకుడు హిమెనెస్ దె కెసాదా విగ్రహాన్ని 2021 మే నెలలో మిసాక్ ఆదివాసులు పడగొట్టింది ఆ చౌకులోనే. 1936 నాటి కఫే పసాహె కూడా అక్కడే. ఆ చుట్టుపక్కల కాలిబాట మీద కోట్లు వేసుకున్న పెద్దమనుషులు ఊరికే నిలబడి కబుర్లాడుకుంటున్నట్టు కనిపిస్తారు. ఒకాయన జేబులోంచి మడతపెట్టిన తెల్ల కాగితం తీసి విప్పుతాడు. అందులో గోరంత పచ్చలు. అవతలాయన ఒక రాయిని వేళ్ల మధ్య పట్టుకుని ఎండకేసి తిప్పి చూస్తాడు, పెదవి విరుస్తాడు. ఒక అంకె చెబుతాడు. ఇవతలాయన నవ్వి కాగితం మడిచేస్తాడు. నాలుగడుగులు వేశాక మళ్లీ విప్పుతాడు. మరకత ఛాయ, గడ్డి సువాసన అని అక్కడ ఎవరూ వర్ణించరు. మొత్తం సంభాషణ ధర గురించే, అదీ పదిమందిలో.

ధర అన్నాను కదా, అసలు సంగతికి వస్తాను. దానికి ముందు మీకు రావలసిన మంచి మాట ఒకటి బాకీ ఉంది. 1959లో న్యూయార్క్ ప్రకటనల కంపెనీ ఒకటి హువాన్ వాల్దేస్ అనే రైతును తయారుచేసింది. మీసం, టోపీ, కంచర గాడిద, అన్నీ అమర్చింది. ఎన్నడూ పుట్టని ఆ రైతు పేరు ప్రపంచానికంతా తెలుసు, 2002 నుంచి ఆయన పేరు మీద షాపులు కూడా ఉన్నాయి. నిజంగా పుట్టి, నిటారు కొండవాలు మీద నడుముకు బుట్ట కట్టుకుని, ఎర్రబడ్డ పండును మాత్రమే ఏరి కోసే కుటుంబాలు 5 లక్షలకు పైగా ఉన్నాయి. వాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. వాళ్లలో ఒకరి పేరు కప్పు పక్కకు తెచ్చింది మీరే. అందుకు నిజంగానే దణ్ణం.

పేరు తెచ్చారు గానీ, ఆ పేరుగల మనిషికి ఎంత ముట్టిందో తేలేదేం? సమాఖ్య రోజూ 125 కిలోల పార్చ్‌మెంట్ కాఫీకి, అంటే పైపొట్టు తీయని ఎండు గింజకి, ఇంత అని ధర ప్రకటిస్తుంది. కాఫీ పండే ఊళ్లో ఎవరిని అడిగినా ఆ అంకె టక్కున చెబుతారు. అది న్యూయార్క్ బజారును, డాలరును బట్టి కదులుతుంది. 2025 ఫిబ్రవరిలో అరబికా రకం కాఫీ పౌనుకు 4 డాలర్లు దాటి రికార్డు కొట్టింది. ఆ ఎత్తులూ పల్లాలూ రైతు ఇంట్లో పెళ్లిళ్లనీ పిల్లల చదువులనీ నిర్ణయిస్తాయి. మీరేమో తోట ఎత్తు 1,750 మీటర్లని రాస్తారు. పులియబెట్టిన గంటలు రాస్తారు. ఈ కప్పులో నేనిచ్చిన డబ్బులో తోటకు వెళ్లింది ఎంతో మాత్రం రాయరు. గింజ వేయించి అమ్మే రోస్టర్లు ఒకరిద్దరు సంచీ మీద ఆ అంకె వేయడం మొదలుపెట్టారు. దానివల్ల వాళ్ల కాఫీలో మల్లెలేం వాడిపోలేదు.

మీ బంధువులు మా వైపు కూడా బయల్దేరారని తెలిసింది. అరకు కాఫీకి 2017లో పారిస్‌లో షాపు, 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చాయి. సంతోషమే. మన్యంలో మిరియాల తీగలు పాకిన చెట్ల నీడన ఆ గింజ పండించే గిరిజన రైతుల పేర్లు రేపు హైదరాబాద్ షాపుల్లో మీలాంటి కార్డుల మీద పడతాయి. అడుగున కమలాపండు కూడా తప్పకుండా పడుతుంది. వాళ్లకు మీరే పెద్దదిక్కు కాబట్టి, మీరు ఏది రాస్తే అదే వాళ్లూ రాస్తారు. అందుకే ఈ ఉత్తరం వాళ్లకు గాక మీకు రాస్తున్నాను.

ఆదివారం పొద్దున్నుంచి మధ్యాహ్నం రెండు దాకా ఊళ్లో చాలా పెద్ద రోడ్లు సైకిళ్లకు వదిలేస్తారు. 1974లో మొదలైన ఆచారం. వీలైతే ఎవరైనా సైకిలాయన జేబులో ఎక్కి ఏడో నంబరు రోడ్డు మీదికి రండి. కార్లు తిరగని చోట నేల మీద అంకెలు వేసిన ప్లాస్టిక్ గిన్నెలు బోర్లించి, గినీ పందులతో, అంటే ఎలుక జాతి చిన్న జంతువులతో, పందెం ఆడిస్తుంటారు. జంతువు ఏ గిన్నెలో దూరితే ఆ అంకె మీద కాసినవాడిది డబ్బు. కాసింది ఎంత, వచ్చేది ఎంత, ఎదురుగానే తేలిపోతుంది. గినీ పంది తాను ఎన్ని మీటర్ల ఎత్తున పుట్టిందో ఎవరికీ చెప్పదు.

తోట ధర వేయడానికి చోటు లేదని మాత్రం అనకండి. కొలిచి చూశాను. "ఎర్రపళ్లు" తీసేస్తే సరిగ్గా సరిపోతుంది.

ఇట్లు,
చేదు కాఫీని చేదుగానే తాగగల
ఒక గోదావరి జిల్లా వాడు