మూస్తే ముందు ఫంక్షన్ హాళ్లు మూయండి

2021 జులైలో, కరోనా రోజుల్లో, ఒక ఆదివారం పొద్దున్నే బండి తీసి మా మహబూబ్‌నగర్ పక్కన అప్పన్నపల్లి వైపు పోయాను. అక్కడి అడవి పార్కుకు బోర్డు మీద ఏ పేరున్నా మాకది మయూరి పార్కే. మే 12న లాక్‌డౌన్ పెట్టినప్పటి నుంచి అటు అడుగు పెట్టలేదు. జూన్ 20న ఎత్తేశాక కూడా మూడు వారాలు ధైర్యం చాలలేదు. పడింది ఒక్క కోవిషీల్డ్ డోసే, రెండోదానికి 12 నుంచి 16 వారాలు ఆగాలన్నారు. మూతికి రెండు మాస్కులు, జేబులో శానిటైజర్ చూసి మా ఆవిడ, "వాకింగ్‌కు పోతున్నవా, ఆపరేషన్ చెయ్యడానికా?" అంది.

గేటు దాటగానే టెన్షన్ మొదలైంది. అడవేమో 2 వేల ఎకరాలకు పైనే, జనమేమో మొదటి వంద గజాల్లోనే! ఒక్క సెల్ఫీకి పదిమంది భుజాలు రాసుకుంటూ నిలబడ్డారు. ఊయలల దగ్గర పిల్లలంటే సరే, వాళ్ల వెనక ఉన్న పెద్దల మాస్కులు కూడా గడ్డం కిందే. ఒకాయన మాస్క్ కిందికి లాగి, తుమ్మి, మళ్లీ జాగ్రత్తగా పైకి పెట్టుకున్నాడు. ఆ మాస్క్ దేనికనుకున్నాడో మరి.

తల వంచుకుని లోపలికి నడిచాను. కొంత దూరం పోతే మనిషన్నవాడు లేడు. వానలకు గడ్డి మోకాలెత్తు పెరిగింది. ముందు ఒక మాస్క్ తీశాను, కాసేపటికి రెండోదీ దించాను. అవును, నాదీ గడ్డం కిందికే వచ్చింది. కానీ అక్కడ నేనూ చెట్లూ తప్ప ఎవరూ లేం. రెండు నెలల తర్వాత ఊపిరి నిండా పీల్చుకున్నా.

ఇంటికొచ్చి చూస్తే కాలనీ వాట్సాప్ గ్రూపులో "పార్కులు మళ్లీ మూసెయ్యాలి" అని గోల. అన్నవాళ్లలో సగం మంది అంతకుముందు వారం ఏసీ ఫంక్షన్ హాల్లో పక్కపక్కన కూర్చుని పెళ్లి భోజనం చేసొచ్చినవాళ్లే! తలుపులు మూసిన హాల్లో ఒకరు వదిలిన గాలే అందరూ పీలుస్తారు. ఆరుబయట అది చెదిరిపోతుంది. 2017 డిసెంబర్‌లో కొమ్మ విరిగి పడ్డాక మన ఊరి పెద్ద మర్రిచెట్టు పిల్లలమర్రి దగ్గరికి జనాన్ని రానివ్వలేదు, చెదలు పోవడానికి సెలైన్ సీసాలతో మందెక్కించారు. అప్పుడు జబ్బు చెట్టుకు, మూయడం సబబే. ఈసారి జబ్బు మనకు. చెట్లేం చేశాయి?

నాతో రోజూ నడిచే రిటైర్డ్ సార్ ఒకాయనకు నడక ఆగిపోయి షుగర్ ఎక్కడికో పోయింది. సాయంత్రం ఆయనే ఫోన్ చేశారు.

"ఎట్లున్నది తమ్మీ, రావచ్చునా?"

"ఆదివారం వద్దు సార్. మంగళవారం పొద్దున్నే రండి. గేటు దగ్గర ఆగకుండా మాస్క్‌తో సీదా లోపలికి వచ్చెయ్యండి, నేనక్కడుంటా."

"మరి ముచ్చట?"

"ఆరడుగుల దూరం నుంచే సార్."

"నాకసలే సరిగ్గ ఇనపడదు గదనయ్యా!"