ఎకరం వంద కోట్లు, పోర్షన్ అద్దె ఎంత?

2023 ఆగస్టులో హైదరాబాదు పడమటి అంచున, కోకాపేటలోని నియోపోలిస్ లేఅవుట్ వేలంలో ఒక ఎకరం 100.75 కోట్లు పలికింది. వేలం వేసిన ప్రభుత్వ నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ పెట్టిన కనీస ధర 35 కోట్లే. గజాల్లో చూస్తే గజం 2 లక్షల 8 వేలు. రెండేళ్లు తిరిగేసరికి, 2025 అక్టోబరులో, రాయదుర్గంలో ప్రభుత్వ పారిశ్రామిక సంస్థ టీజీఐఐసీ భూమి ఎకరం 177 కోట్లకు చేరింది. మధ్యలో ప్రభుత్వం మారింది, సంబరం మాత్రం మారలేదు.

ఈ ధర బిల్డర్ల మధ్య వ్యవహారమే అనుకుంటే పొరపాటు. చుట్టుపక్కల నార్సింగి, పుప్పాలగూడ, మణికొండల్లో ఇల్లున్నవాళ్లందరూ మర్నాడు తమ గజం లెక్క సరిచూసుకుంటారు. వాళ్లను తప్పుపట్టను. అప్పుచేసి కొన్న 200 గజాలే చాలామందికి జీవితకాలపు ఆస్తి. కానీ ఆ 200 గజాల ఇంట్లో పైనా కిందా కలిపి మూడు నాలుగు పోర్షన్లుంటాయి. వాటిలో క్యాబ్ డ్రైవరు, వాచ్‌మన్, నాలుగిళ్లలో పనిచేసే అమ్మ ఉంటారు. ధర పెరిగాక ఓనరు ఇంటిని డెవలప్‌మెంటుకిస్తాడు. పాత ఇల్లు కూల్చి ఫ్లాట్లు కడతారు, సగం ఓనరుకి, సగం బిల్డరుకి. కట్టడం పూర్తయ్యేదాకా ఓనరు వేరేచోట ఉండటానికి అద్దె కూడా చాలాసార్లు బిల్డరే ఇస్తాడు. పోర్షన్లలో ఉన్నవాళ్లకు మాత్రం నెలలో ఖాళీ చేయమన్న కబురొకటే అందుతుంది. ఆ అగ్రిమెంటులో వాళ్ల ఊసే ఉండదు.

చట్టం ఆదుకుంటుందా? 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉంది. 2005 సవరణ తర్వాత కార్పొరేషన్ ప్రాంతాల్లో నెలకు 3,500 దాటిన అద్దెలకు అది వర్తించదు. ఈ రోజు ఆ డబ్బుకి మణికొండలో ఒక గదైనా దొరుకుతుందా?

ఎక్కువ కట్టనిస్తే ధరలు వాటంతటవే తగ్గుతాయని కొందరంటారు. అందులో నిజం లేకపోలేదు. ముంబయితో పోలిస్తే హైదరాబాదులో మధ్యతరగతికి ఇల్లు చాలాకాలం అందింది. అయితే ఇక్కడ 2006 నుంచే ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే ఎంత స్థలంలో ఎంత విస్తీర్ణం కట్టవచ్చన్న హద్దు, లేదు. ఎన్ని అంతస్తులు లేపవచ్చో ముందే లెక్కేసుకుని ఆ మేరకు వేలంలో పాడతారు. గజానికి రెండు లక్షలు పెట్టినవాళ్లు వాచ్‌మన్ అద్దెకుండే గది ఎందుకు కడతారు?

ఇళ్లిస్తున్నాం కదా అని ప్రభుత్వాలు కొల్లూరును చూపిస్తాయి. 2023 జూన్‌లో అక్కడ ఒకేచోట 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లు ప్రారంభించారు. ఇళ్లు బాగానే కట్టారు, అది ఒప్పుకోవాలి. కానీ అవి ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, సంగారెడ్డి జిల్లాలో ఉన్నాయి. పాతబస్తీ దగ్గర ఇళ్లలో పాచిపని చేసే మనిషికి అక్కడ తాళంచెవి ఇస్తే, రోజూ బస్సులు మారుతూ పనికి రావాలి, లేదా పని మానుకోవాలి.

కోకాపేటలో అమ్మింది సర్కారు భూమి. అమ్మేవాళ్లకు షరతు పెట్టే హక్కుంది. కట్టే విస్తీర్ణంలో పదో వంతు చిన్న గదులు కట్టాలి, వాటిని అమ్మకూడదు, అద్దెకే ఇవ్వాలి, ఆ అద్దె ప్రభుత్వమే నిర్ణయించాలి. ఇలాగైతే పాట తగ్గుతుందని అధికారులంటారు. ఎకరానికి పది, పదిహేను కోట్లు తగ్గితే తగ్గనివ్వండి. తర్వాతి వేలం నోటిఫికేషన్‌లో కనీస ధర పక్కనే ఆ గదుల సంఖ్య కూడా అచ్చువేయండి.