ముందు బొగ్గు, ఆ తరువాతే కొలిమి

ఇంటి వెనుక రేకుల షెడ్డులో నేను కొలిమి పెట్టుకొని ఆరేళ్లయింది. కత్తులూ కొడవళ్లూ సొంతంగా సాగగొట్టుకోవాలన్న ఆసక్తితో ఈ పనిలోకి దిగుతున్న యువకులు ఈ మధ్య తరచుగా నన్ను సలహా అడుగుతున్నారు. దాదాపు అందరి మొదటి ప్రశ్న దాగలి, అంటే ఇనుమును పెట్టి కొట్టే దిమ్మె, ఎక్కడ దొరుకుతుందని, రెండోది సుత్తి ఎంత బరువుండాలని. ఏ బొగ్గు వాడాలని అడిగినవారు నాకు గుర్తున్నంతలో ఇద్దరే. దాగలి, సుత్తి, పట్టుకారు అన్నీ ఎర్రగా కాలిన ఇనుము బయటికి వచ్చాక పనికొచ్చేవి. ఆ ఇనుము సరిగా కాలాలంటే బొగ్గు, గాలి, పొగదారి కుదరాలి. వీటిలో మొదటిదే మిగిలిన రెండింటినీ నిర్ణయిస్తుంది కాబట్టి, ఏ బొగ్గు దొరుకుతుందో తేల్చుకోకుండా కొలిమి కట్టడమంటే కాలు కొలవకుండా చెప్పులు కుట్టించుకోవడమే. ఆ తప్పు నేను చేశాను, డబ్బూ ఏడాది కాలమూ పోగొట్టుకున్నాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేనూ అందరిలాగే అమెరికా, ఇంగ్లండు కమ్మరుల వీడియోలు చూసి మొదలుపెట్టాను. పాత లారీ బ్రేకు డ్రమ్ము ఒకటి తెచ్చి, అడుగున రంధ్రాల పలక పెట్టి, కింది నుంచి బ్లోయరు గాలి వచ్చేలా గొట్టం బిగించాను. ఆ నమూనాలో దోషమేమీ లేదు, కానీ అది ఒక ప్రత్యేకమైన బొగ్గును నమ్ముకొని పుట్టిన నమూనా. అక్కడి కమ్మరులు వాడే రాక్షసి బొగ్గు వేడి తగలగానే మెత్తబడి, ముక్కకు ముక్క అతుక్కొని, లోపలి వాయువులన్నీ పోయాక గుల్లగా గట్టిపడి కోక్‌గా మారుతుంది. వారు మంట చుట్టూ పచ్చి బొగ్గును తడిపి గట్టులా పేరుస్తారు. మధ్యలో కోక్ తరిగినకొద్దీ ఆ గట్టును లోపలికి నెడుతుంటారు, బయట కొత్త గట్టు వేస్తుంటారు. దానివల్ల మంట ఒక చిన్న గుహలా కుదురుగా నిలుస్తుంది, చుట్టూ వ్యాపించదు. కింది నుంచి వచ్చే గాలికి, లోతు తక్కువ పాత్రకు ఈ అతుక్కునే గుణమే ఆధారం.

మన దగ్గర సులువుగా దొరికే బొగ్గుకు ఆ గుణం లేదు. 1871లో ఇల్లందు దగ్గర బయటపడిన సింగరేణి బొగ్గు ఒకప్పుడు రైలింజన్లను నడిపింది, నేటికీ విద్యుత్ కేంద్రాలను నడుపుతోంది, సిమెంటు బట్టీలను మండిస్తోంది. ఆ పనులకు అది తగినదే. అయితే అది ప్రధానంగా కోకింగ్ గుణం లేని బొగ్గు, బూడిద శాతం కూడా ఎక్కువ. కోకింగ్ బొగ్గుకు మన దేశంలో పేరున్న గనులు జార్ఖండ్‌లోని ఝరియా ప్రాంతంలో ఉన్నాయి. అక్కడి సరుకు ఉక్కు కర్మాగారాల వైపు వెళుతుందే తప్ప రెండు బస్తాలు కావాలన్నవాడి ఇంటికి రాదు. నేను ఒక దుకాణంలో ‘కొలిమి బొగ్గు’ అంటే నమ్మి రెండు బస్తాలు కొన్నాను. ముట్టించిన పావుగంటకు షెడ్డు నిండా పసుపుపచ్చని పొగ కమ్మింది. అరగంటకు మంట డ్రమ్ము అంతటా పరుచుకుంది. గంట తిరిగేసరికి గాలి రంధ్రాల మీద చిట్టెం, అంటే కరిగిన బూడిద, పళ్లెంలా పేరుకొని గాలినే మూసేసింది. ఇనుము ఎర్రబడింది గాని పసుపు రంగుకు రాలేదు. లోపం నా చేతిలో ఉందనుకొని నెలల తరబడి బ్లోయర్లు మార్చాను, డ్రమ్ము మార్చాను, రంధ్రాలు పెద్దవి చేశాను. బొగ్గును మాత్రం మార్చలేదు.

చివరికి మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో ఇంకా కొలిమి నడుపుతున్న ఒక పెద్దాయన దగ్గర రెండు రోజులు కూర్చున్నాను. చిన్నప్పటి నుంచి నేను ఆయనను తాతా అనే పిలుస్తాను. ఆయన కొలిమి నేలలో తవ్విన మూరెడు గుంట. ఒక పక్క మట్టిగోడ, ఆ గోడలోంచి గుంటలోకి కొద్దిగా వంగి దిగిన గాలిమూతి, వెనుక చేత్తో తిప్పే బ్లోయరు. ఆయన తండ్రి కాలంలో అక్కడ తోలు తిత్తి ఉండేదట. గుంటలో ఉన్నది తుమ్మబొగ్గు. నేను నా కష్టమంతా చెప్పాక ఆయన అడిగింది ఒక్కటే: “ఆ రాళ్లబొగ్గు ఎందుకు తెచ్చినవు బిడ్డా, కర్రబొగ్గు దొరకలేదా?” నేను కర్రబొగ్గుకు వేడి చాలదని చదివానన్నాను. ఆయన మారుమాట్లాడకుండా ఒక కమానుపట్టా ముక్కను గుంటలో పెట్టి, నేను చూస్తుండగానే దాన్ని నిమ్మపండు రంగుకు తెచ్చి నా ముందు దాగలి మీద వేశారు.

కర్రబొగ్గుకు వేడి చాలదన్న మాట ఇప్పటికీ చాలామంది రాస్తూనే ఉన్నారు. తెలంగాణలో పుట్టినవాళ్లు ఆ మాట రాస్తే నాకు బాధ కలుగుతుంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో తయారైన మూస ఉక్కు పర్షియా దాకా వెళ్లి ఖడ్గాలైంది; ప్రపంచం వూట్జ్ అని పిలిచే ఆ లోహం పేరుకు మన ‘ఉక్కు’ మాటే మూలమని పలువురు పండితుల అభిప్రాయం. మట్టి మూసల్లో ఇనుమును పెట్టి, మూతలు మెత్తి, తిత్తులతో ఊది, ఆ ఉక్కును కరిగించినది కర్రబొగ్గే. సాగగొట్టడానికి కావలసిన వేడి ఉక్కును కరిగించే వేడికన్నా ఎంతో తక్కువ. బరువుకు బరువు చూస్తే మంచి కర్రబొగ్గు ఇచ్చే వేడి కోక్‌కు ఏమాత్రం తీసిపోదు. తేడా అంతా పరిమాణంలో ఉంది. కర్రబొగ్గు తేలిక కాబట్టి బస్తా పెద్దదిగా కనిపించినా త్వరగా అయిపోతుంది, గుంట లోతుగా ఉండాలి, మాటిమాటికీ వేస్తుండాలి. నాకు మూడు గంటల పనికి ఎనిమిది నుంచి పది కిలోలు పడుతుంది. ఆ ఖర్చు నిజమే. దానికి బదులుగా గంధకం దాదాపు లేని శుభ్రమైన మంట, చాలా తక్కువ చిట్టెం, పొరుగువారు ఫిర్యాదు చేయనంత తక్కువ పొగ దొరుకుతాయి.

బొగ్గు మారితే కొలిమీ మారాలి. కింది నుంచి గాలి కొట్టే డ్రమ్ములో కర్రబొగ్గు వేస్తే అది నిప్పురవ్వలై పైకి ఎగిరిపోతుంది, బస్తా గంటలో ఖాళీ అవుతుంది. పక్క నుంచి నెమ్మదిగా ఊదే మన పల్లె కొలిమి ఈ బొగ్గు కోసమే తీర్చిన రూపం. నేను ఇటుకలతో నడుము ఎత్తు దిమ్మె కట్టి, దాని మీద పుట్టమన్నులో ఊక కలిపి తొక్కి, జానెడు లోతు, జానెడుకు కొద్దిగా మించిన వెడల్పుతో గుంట తీర్చాను. వారం రోజులు నీడన ఆరనిచ్చి, మొదటి రెండు రోజులు సన్నని పుల్లల మంట మాత్రమే వేశాను. తొందరపడి నిండు మంట వేస్తే తడి ఆవిరై మట్టిని పగలగొడుతుంది. గాలిమూతికి అంగుళం లోపలి వ్యాసమున్న నల్ల ఇనుప గొట్టం వాడాను. దాని కొన కాలి తరుగుతుంటుంది గనుక, గోడ కూల్చకుండా వెనుక నుంచి ముందుకు జరుపుకొనేలా పెట్టుకున్నాను. మూతికీ ఇనుముకూ మధ్య కనీసం నాలుగు అంగుళాల మండే బొగ్గు, ఇనుము మీద రెండు అంగుళాల కప్పు ఉండాలి. ఊదిన గాలిలోని ఆమ్లజని ఆ నాలుగు అంగుళాల్లోనే ఖర్చైపోవాలి. అంతకన్నా దగ్గరగా పెడితే ఇనుము కాలకముందే నల్లటి పెచ్చులుగా రాలిపోతుంది.

ఇక గాలి. బ్లోయరు ఎంత పెద్దదైతే అంత మంచిదనుకోవడం ఈ పనిలో నేను చూసిన అత్యంత ఖరీదైన అపోహ. పెద్ద గాలి బొగ్గును తింటుంది, ఇనుమును తింటుంది, చేతికి నేర్పు రానివ్వదు. నేను చిన్న కరెంటు బ్లోయరు పెట్టి, గొట్టం మధ్యలో అడ్డంగా జరిగే రేకుపలక బిగించాను. ఇనుము కాలుతున్నప్పుడు పలక సగం తీస్తాను, దాగలి మీదికి తీయగానే పూర్తిగా మూస్తాను. కరెంటు లేని రోజున చేతి బ్లోయరుతో పనిచేసినప్పుడు నా బొగ్గు ఖర్చు స్పష్టంగా తగ్గింది, ఎందుకంటే చేయి అలసిపోతే గాలి దానంతట అదే ఆగుతుంది. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను చేతి బ్లోయరునే గట్టిగా సిఫారసు చేస్తాను.

కోక్ గురించి కూడా చెప్పాలి. ఫౌండ్రీలు ఉన్న ఊళ్లలో అది దొరుకుతుంది; పొగ లేదు, వేడి అపారం, కర్రబొగ్గుతో పోలిస్తే నాకు సగానికి కొంచెం ఎక్కువ పరిమాణంతో పని జరిగిపోతుంది. కానీ ముట్టించడం కష్టం, గాలి ఆపిన కొద్ది నిమిషాలకే చల్లారుతుంది, పెద్ద ముక్కలను ఉసిరికాయంత ముక్కలుగా కొట్టుకోవాలి. దీనికి కింది గాలి, నిలకడైన గాలి కావాలి. నా పాత డ్రమ్మును కోక్ కోసమే ఉంచుకున్నాను, బరువైన గడ్డపారలు సాగగొట్టే రోజున మాత్రమే దాన్ని వెలిగిస్తాను. ఏ గతీ లేక రాక్షసి బొగ్గే వాడేవారు ఒక ప్రమాదం తెలుసుకోవాలి. గాలి ఆపినప్పుడు ఆ బొగ్గులోని మండే వాయువు వెనక్కి గొట్టంలోకి చేరుతుంది. మళ్లీ గాలి వదిలిన క్షణంలో అది పేలి గొట్టాన్నీ బ్లోయరునూ చీల్చగలదు. గొట్టం అడుగున వదులు మూత పెట్టి, విరామం తరువాత ముందు దాన్ని తెరిచి, ఆపైనే గాలి వదలాలి.

పొగగొట్టం విషయంలో నేను రాజీపడను, ఎవరినీ పడవద్దంటాను. ఆరు అంగుళాల గొట్టం చాలని దుకాణాల్లో చెబుతారు. పన్నెండు అంగుళాల గొట్టం దానికి రెట్టింపు అనిపిస్తుంది గాని, పొగ పోయే దారి లెక్కలో అది నాలుగు రెట్లు. కనీసం పది అంగుళాలు ఉండాలి, పైకొన ఇంటికప్పు శిఖరం కన్నా మూడు అడుగులు ఎత్తుకు పోవాలి. మంటకు పైన ఎక్కడో గొడుగులా వేలాడే తొట్టి కన్నా, మంట పక్కనే నోరు తెరిచి పొగను పుట్టినచోటనే లాగే పెట్టె ఎంతో మెరుగు. పొగ రానంత మాత్రాన కర్రబొగ్గు, కోక్ నిరపాయమని అనుకోవద్దు. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. రెండో ఏడు వానాకాలంలో జల్లు లోపలికి కొడుతోందని నేను షెడ్డు తలుపులు మూసి పనిచేశాను. గంట తరువాత తలనొప్పి మొదలైంది, నడుము వంచి లేచేసరికి కళ్లు తిరిగాయి. నా భార్య భోజనానికి పిలవడానికి వచ్చి తలుపు తీయకపోతే ఏమయ్యేదో ఊహించడానికి ఇప్పటికీ మనసొప్పదు. ఆ మరునాడే రెండు తలుపుల రెక్కలూ ఊడదీయించాను.

జింకు పూత గొట్టాల గురించి అంతే గట్టిగా చెబుతాను. నీళ్ల పైపుల మిగులు ముక్కలు అందరి ఇళ్లలోనూ ఉంటాయి, గాలి గొట్టానికి అవి చక్కగా సరిపోతాయనిపిస్తుంది. జింకు 907 డిగ్రీల సెల్సియస్‌కే ఆవిరవుతుంది, కొలిమి వేడి దానిని సులువుగా దాటుతుంది. ఆ తెల్లని పొగ పీల్చినవారికి కొన్ని గంటల్లో చలిజ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి. మంట దగ్గరి ఏ భాగానికీ అది వద్దు. కొలిమి కింద సిమెంటు గచ్చు కన్నా మట్టినేల మేలు, ఎర్రటి ఇనుము పడితే గచ్చులోని తడి ఆవిరై పెచ్చులు ఎగురుతాయి. నూలు బట్టలే వేసుకోవాలి, కళ్లద్దాలు లేకుండా మంట దగ్గరికి వెళ్లకూడదు.

దాగలి గురించి అడిగినవారికి ఒక్క మాట. పాత ఇనుము కొట్టులో రైలుపట్టా ముక్క చూపించి తీసుకోమంటారు. కాగితం లేని రైల్వే సొత్తు మన దగ్గర ఉండటం 1966 నాటి చట్టం ప్రకారం నేరం కావచ్చు. పాత యంత్రాల నుంచి తీసిన మందపాటి ఉక్కు దిమ్మె ఏదైనా, బరువైన మొద్దుకు గట్టిగా బిగిస్తే మొదటి రెండేళ్ల పనికి అది చాలు.

కొలిమి కట్టాక తొలి మంటలో కత్తి చేయాలని అందరికీ ఉంటుంది. నేను మాత్రం పది మిల్లీమీటర్ల కడ్డీ తీసుకొని మొదట మూడు వస్తువులు చేయమంటాను: మంటను కదపడానికి ఒక ఊచ, బొగ్గును దగ్గరికి లాగడానికి ఒక కొంకి, చిట్టెం ఎత్తడానికి చదును కొన గల చిన్న పార. ఊచ చేస్తే కొన సాగదీయడం వస్తుంది, కొంకితో వంచడం వస్తుంది, పారతో వెడల్పు చేయడం వస్తుంది. మా తాత నా చేత మొదట చేయించినవి కూడా ఇవే. నేను చేసిన ఊచ వంకరగా ఉందని సిగ్గుపడి పక్కన పెడితే, ఆయన తీసుకొని ఆ సాయంత్రమంతా దానితోనే తన మంటను సర్దుకున్నారు. ఇప్పుడది నా కొలిమి పక్క మేకుకు వేలాడుతోంది. రాత్రి పని ముగిశాక బొగ్గును దానితోనే నాలుగు పక్కలకూ విడదీసి, చివరి నిప్పు నల్లబడేదాకా అక్కడే కూర్చుంటాను.